అత్త చేయి కడుక్కునేదాకా

1946లో వడమాలపేట దగ్గర ఒక చిన్న డిస్పెన్సరీలో నర్సుగా ఉండేదాన్ని. డిస్పెన్సరీ అంటే పడకలు లేని ఆసుపత్రి. లేవలేని రోగుల ఇళ్ళకు మేమే నడిచి పోవాలి. అలా చెంగమ్మ ఇంటికి పోయేదాన్ని. ఆమెకు గొంతులో కేన్సర్, అదే రాచపుండు. నయమయ్యే దశ దాటిపోయింది. గంజి కూడా చెంచాతో పోస్తే గాని దిగేది కాదు. అన్నీ చేసేది కోడలు మునెమ్మే.

నెల తిరిగేసరికి మునెమ్మే అత్తకంటే ముందు పోయేలా తయారైంది. దగ్గు, నీరసం, ఒకరోజు బావి దగ్గర కళ్ళు తిరిగి పడింది. క్షయేనని ఊరంతా తేల్చేసింది. ఆమె మొగుడు గోవిందు నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డకు అంటుకుంటాదేమోనని బయంగా ఉండాది నర్సమ్మా. దాన్ని పుట్టింటికి పంపించేస్తా. బిడ్డ ఈడనే ఉంటాది."

రెండేళ్ళ బిడ్డ! నాకు కడుపు మండింది. "రవ్వంత ఆగప్పా" అని, స్పుటం టెస్టుకు, అంటే కఫం పరీక్షకు, చిత్తూరు పంపించాను. క్షయ లేదని వచ్చింది. రక్తం పట్టడానికి ఐరన్ మిక్స్చర్ ఇచ్చాను. మూడు వారాలైనా గుణం లేదు. గోవిందు పరీక్షను నమ్మలేదు, బండి మాట్లాడేశాడు.

ఆ సంగతి తెలిసి మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. గిన్నెలో సంగటి ముద్ద ఎండిపోయి ఉంది.

"ఇదెప్పటిది అమ్మీ?"

"పొద్దుటిది. అత్త తిని సెయ్యి కడుక్కోకుండా నేనెట్ట తినేది నర్సమ్మా? పెండ్లయినప్పట్నుంచి అంతే."

చెంచాతో గంజి తాగే మనిషికి చేయి కడుక్కునే పనేముంది? రోజంతా కాచుకుని, అత్త నిద్రపోయాక మిగిలిన గంజి తాగి పడుకునేదట. ఖాళీ కడుపులో మూడు వారాలు మందు పోయించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ కోపమంతా ముసలామె మీద చూపించాను. "అవ్వా, నీ కోడలికి క్షయా లేదు, గియా లేదు. నువ్వు తినలేదని పస్తులుంటా ఉండాది!"

చెంగమ్మ కోడలి వైపు తిరిగింది. సంగటి తెమ్మని సైగ చేసింది. గోరంత చిదిమి పెదవులకు తాకించుకుంది. చెంబుతో నీళ్ళు పోయించుకుని చేయి కడుక్కుంది.

"నా తిండి అయిపొయ్యింది" అంది, వినపడీ వినపడని గొంతుతో. "ఇంక నువ్వు తిను, అమ్మీ."

మునెమ్మ ఏడుస్తూనే తింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

గోవిందు సిగ్గుపడి బండి వద్దన్నాడు. తర్వాత బతికిన నెలన్నరా చెంగమ్మ పూటపూటా అలాగే చేయి కడుక్కుంది. మునెమ్మ తేరుకుంది.

అప్పటినుంచి ఏ రోగి మంచం దగ్గరికి పోయినా, ముందు పక్కన నిలబడ్డ మనిషిని "ఎప్పుడు తిన్నావు?" అని అడుగుతాను. "తిన్నావా?" అని అడగను. అలా అడిగితే అందరూ తిన్నామనే చెబుతారు.