నీట్‌గా వచ్చిన గెలాక్సీలు

మనిషి తన పరువు తానే తీసుకోవడానికి ఎంత దూరం పోవాలి? నేనైతే కోట్ల కోట్ల మైళ్ల అవతలికి చూపు సారించి మరీ తీసుకున్నాను. చెప్తాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు, అప్పట్లో బడి మొత్తం నవ్వేసింది.

ఎనభైల్లో ఇల్లందు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఎనిమిది నెలలు అద్దం అరగదీసి సొంతంగా టెలిస్కోపు చేసుకున్నాను. దాన్ని పెట్టుకోవడానికి బడి డాబా మీది గది కావాలని హెడ్మాస్టర్ని అడిగాను.

"జిల్లా పెద్దసారు సైన్సు ఎగ్జిబిషన్‌కు వస్తుండు. ఏదన్న ఘనకార్యం చూపియ్. మెచ్చిండంటె గది నీది. లేకుంటె ఆటల సామానుకు ఇచ్చేస్త," అన్నారాయన.

సింహరాశిలో మూడు గెలాక్సీలున్నాయి. గట్టు పంచాయితీ పడ్డ దాయాదుల్లా ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. వాటిని ఫొటో తీస్తానన్నాను. టెలిస్కోపుకు కెమెరా బిగించి, నలభై నిమిషాలు కన్ను తియ్యకుండా, దోమలకు రక్తదానం చేస్తూ తీశాను కూడా. రీలు తీసుకెళ్లి స్టూడియో యాదగిరికి ఇచ్చి, "నీట్‌గా చెయ్ యాదగిరీ, పెద్దసారు చూస్తడు," అన్నాను.

రెండ్రోజులకు నెగటివ్ సిద్ధమైంది. ప్రింటు మాత్రం నా చేత్తో నేనే వేస్తానని పట్టుబట్టాను.

"చేతులు కడుక్కోని రా సార్," అన్నాడు యాదగిరి.

"కడిగే ఉన్నయ్‌లే," అన్నాను, మిరపకాయ బజ్జీ ఆఖరి ముక్క నోట్లో వేసుకుంటూ.

చీకటి గదిలో కాగితాన్ని మూడు వేళ్లతో నున్నగా సర్ది, నెగటివ్ బొమ్మ దాని మీద పడనిచ్చి, మందులో ముంచాను. నల్లటి ఆకాశం మీద, ఆహా, తెల్లగా మూడు గెలాక్సీలు! ఒక్కోదాంట్లో సుడులు తిరిగిన గీతలు! యాదగిరిని కౌగిలించుకున్నాను.

ఎగ్జిబిషన్లో పెద్దసారు ఫొటో ముందు ఆగిపోయారు.

"సుడులు ఎంత స్పష్టంగా ఉన్నాయండీ!"

"పక్కదాని ఆకర్షణ వల్ల సార్."

హెడ్మాస్టరు జేబులోంచి గది తాళంచెవి తీసేశారు. సరిగ్గా అప్పుడే మా బడి ఆయమ్మ సమ్మక్క టీలు పట్టుకొచ్చి, వంగి చూసింది.

"గివి ఏలిముద్రలు గాదా సారూ?"

"అవి గెలాక్సీలు సమ్మక్కా. నీకు తెలవదులే."

"నాకు తెల్వదా? నెలనెలా జీతం రిజిస్టర్ల నేను ఏసేది ఏంది మరి?"

పెద్దసారు స్టాంపు ప్యాడ్ తెప్పించారు. "ఏదీ, మీ కుడి చెయ్యి?"

వేశాను. నడివేలి మీది పాత గాటుతో సహా సరిపోయింది. బజ్జీ నూనె అంటినచోట మందు పట్టలేదు, అంతే. పిల్లలు బెంచీల మీద పడి నవ్వుతున్నారు.

"సార్, నెగటివ్ ఉంది! అసలువి అందులో ఉంటయ్ సార్!" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"సాయంత్రం దాకా ఉంటాను. తీసుకురండి."

సైకిలు ఎలా తొక్కానో నాకే తెలియదు. "యాదగిరీ! నెగటివ్‌ల మూడు మసక మచ్చలుండాలె, చూడు జల్దీ!"

యాదగిరి ముఖం వెలిగిపోయింది. "అవ్ సార్, ఉండె! చుక్కలు మంచిగున్నయని ఉంచిన. గా మూడు మచ్చలే గలీజుగ కనవడుతుండె. బ్లేడుతోని సన్నగ గీకి తీసేసిన. మీరే గద సార్, నీట్‌గ చెయ్యమంటిరి?"

డాబా మీది గదిలోకి ఫుట్‌బాళ్లు చేరాయి. నేను ఆ స్టూడియోలోనే కుడి చెయ్యి రెండుసార్లు సబ్బుతో రుద్ది కడుక్కుని, పైకెత్తి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరితోనూ 'నీట్‌గా చెయ్' అనను. క్షవరానికి కూర్చున్నా సరే.