మాఘమాసపు గుళికలు

రాజరాజేశ్వరి కుడి మోకాలు కార్తికమాసంలో వాచింది. నలభై ఆరేళ్ల ఆ ఇల్లాలు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగిని. నార్సింగిలో పద్నాలుగో అంతస్తులో కాపురం. ఇంట్లో భర్త శ్యామ్, అత్తగారు పుణ్యవతి. వాపుకు ముగ్గురు వైద్యులు మూడు పేర్లు పెట్టారు. నాలుగవ వైద్యురాలు నవ్య మాత్రం మోకాలిని వదలి, ఆ ఏడు ఎక్కడెక్కడికి వెళ్లారని అడిగింది. జ్యేష్ఠంలో ఆఫీసువారితో హిమాచల్ కొండలకు వెళ్లిన సంగతి, వచ్చాక తొడమీద వలయంలా ఎర్రని మచ్చ లేచిన సంగతి, తామర అనుకుని లేపనం రాసి ఊరుకున్న సంగతి అప్పుడు బయటపడ్డాయి. రక్తపరీక్షలో లైమ్ వ్యాధి అని తేలింది. గడ్డిలో పొంచి ఉండి పశువులను పట్టే పిడుదు కుట్టినప్పుడు ఒంట్లో చేరిన క్రిమి అది.

ఇంట్లో పనిచేసే జయమ్మ సంగతంతా విన్నది. "మా ఊర్ల పసులకు పడ్తది మేడం గా గోమారు. దానికోసం గంత దూరం ఇమానంల పోయిన్రా?" అంది. రాజరాజేశ్వరికి నవ్వాగలేదు.

రోజుకు రెండు డాక్సీసైక్లిన్ గుళికలు, ఇరవై ఎనిమిది రోజులు. ఒక్కటీ తప్పకూడదు. అన్నం తిన్నాక నీళ్లతో మింగాలి, పాలూ పెరుగూ దరి చేరనీయరాదు, మింగిన వెంటనే నడుము వాల్చరాదు, ఎండలో నిలబడరాదు. నవ్య చెప్పినదంతా ఆమె ఫోనులో రాసుకుంది. ఆ మోకాలు మడత పడి మళ్లీ దేవుడి ముందు కూర్చోగలనా అన్నదొక్కటే ఆమె దిగులు. దానికి ఈ గుళికలు తప్ప వేరే దారి లేదు.

మొదటి రెండు రోజులు చలిజ్వరం కుదిపేసింది. ఆ తరువాత వికారం పట్టుకుంది. తాలింపు వాసనకే కడుపు తిప్పేది. అన్నం ఎదుట కూర్చుని నాలుగు ముద్దలు లెక్కపెట్టుకుని మింగి, గుళిక వేసుకుని, గోడకు చేరగిలబడి గంటసేపు కదలక ఉండేది. అలా పన్నెండు రోజులు గడిచేసరికి మాఘమాసం ప్రవేశించింది.

మాఘ ఆదివారాల వ్రతం అత్తగారి నుండి ఆమెకు సంక్రమించింది. తూర్పుముఖంగా, ఆరుబయట, పిడకల నిప్పుమీద పాలు పొంగించి, కొత్తబియ్యంతో పరమాన్నం వండి, చిక్కుడాకులలో సూర్యనారాయణమూర్తికి నివేదించాలి. పన్నెండేళ్లుగా ఒక్క ఆదివారమూ తప్పలేదు. వద్దన్నది పాలను, స్వామికి నివేదించినది ప్రసాదం గదా అనుకుంది. వద్దన్నది ఎండను, స్వామి సన్నిధి ఎండ ఎలా అవుతుందనుకుంది. వైద్యురాలిని అడగవచ్చు గాని, అడగడమే భక్తిలోపమనిపించింది. మేడపైన రెండున్నర గంటలు నిప్పు ఎదుట, సూర్యుని ఎదుట ఎత్తుపీట మీద కూర్చుని, ఆ పరమాన్నంతోనే గుళిక మింగింది. స్వామి చేతిమీదుగా పుచ్చుకున్న మందు రెట్టింపు పనిచేస్తుందని నమ్మింది.

గంట తిరక్కుండా తిన్నదంతా బయటికి వచ్చింది. సాయంత్రానికి ముక్కు, మెడ, ముంజేతులు కందిపోయాయి. మరునాడు పొక్కులు లేచాయి.

"ఏంది మేడం, మొఖం గిట్ల కాలింది? జర దవాఖానకు పోవాలె" అంది జయమ్మ.

పుణ్యవతి కోడలి చేతులు దగ్గరకు తీసుకుని చూసింది. "ఆ మందు కడుపులో పెట్టుకుని వ్రతానికి కూర్చోవడమే అపచారమేమోనే అమ్మాయ్. ఆయన కన్నెర్ర చేశాడు. ఆ గుళికలు మానెయ్యి. ఆయనే చూసుకుంటాడు."

రాజరాజేశ్వరి ఆ రోజు రెండు పూటలా గుళిక ముట్టుకోలేదు. సంగతి తెలిసి శ్యామ్ నవ్యకు ఫోను చేసి భార్య చేతికిచ్చాడు. ఆ గుళిక వాడుతున్న చర్మం ఎండకు అలాగే కాలుతుందని, అది ఎవరి కోపమూ కాదని, తప్పిన రెండూ చివర కలుపుకుని మరునాటి ఉదయం నుండే మొదలుపెట్టమని నవ్య చెప్పింది.

"సూర్యుడికి దండం పెట్టుకోవడం కూడా ఎండేనా డాక్టరుగారూ?"

"ఒంటికి ఆ తేడా తెలియదండి" అంది నవ్య.

ఆ మాట రాజరాజేశ్వరికి ఊరట కాలేదు. కోపమైతే శాంతింపజేయవచ్చు, అపరాధమైతే మన్నించమని వేడుకోవచ్చు. మందు గుణానికి ఏ స్తోత్రం చదవాలి? పన్నెండేళ్లు తాను ఎదురుగా నిలిచిన ఆ మూర్తి తనను గుర్తుపట్టలేదన్న భావం లోపల పాతుకుపోయింది. అయినా గుళిక మానలేదు. ఆ తరువాతి ఆదివారాలు తెరలు దించిన గదిలో గడిచాయి. వాంతి వచ్చేటట్టున్నప్పుడు పెదవులు బిగించి ఓర్చుకుంది. పుణ్యవతి ఇక మందు ఊసెత్తలేదు. కోడలితో మాటలు కూడా తగ్గించింది.

యాభై ఆరవ గుళికా అయింది. నవ్య మోకాలు పట్టి చూసింది. వాపు సగం తగ్గింది. మడత మాత్రం సగమైనా పడలేదు.

"మీరు పూర్తిగా వాడారు. అది అందరికీ చేతకాదు. క్రిమి పోయినట్టే. వాపు తగ్గడానికి నెలలు పట్టవచ్చండి. కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా."

"ఇక ఏం వేసుకోమంటారు?"

"ప్రస్తుతానికి ఏమీ లేదండి. మూడు నెలలయ్యాక చూద్దాం."

మందు మింగిన రోజులలో ఎంత బాధ ఉన్నా, రేపటికి ఒక గుళిక మిగిలి ఉండేది. ఇప్పుడు మింగడానికీ ఓర్చుకోవడానికీ ఏమీ మిగలలేదు. కారులో శ్యామ్, గండం గట్టెక్కింది రాజీ అన్నాడు.

గుమ్మంలో పుణ్యవతి ఎదురొచ్చి, "ఏమన్నారే?" అని అడిగింది.

"పూర్తయిందన్నారు అత్తయ్యా."

ఆ మాటకు ముసలామె కన్నీళ్లతో రెండు చేతులూ జోడించి, దేవుడి గది వైపు తిరిగి దండం పెట్టింది. పూర్తయింది మందేగాని మోకాలు బాగుపడలేదని చెప్పడానికి రాజరాజేశ్వరికి నోరు రాలేదు. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.