మొహం వాళ్లది, నడక మనది

నేను పనిచేసిన చిన్న గేమ్ స్టూడియోలో, సినిమాల మీద చేసే ఆటల్లో హీరోలకు నడక నేర్పే యానిమేటర్ ఒకాయన ఉండేవాడు. ఉప్పుగూడ మనిషి. చాయ్ తాగుతున్నా ఆయన చూపు రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్ల మీదే ఉండేది. అలాంటి ఆటల్లో మంచివేవి, చెత్తవేవి అని ఎవరడిగినా ఒకటే మాట: "మొహం వాళ్లది, నడక మనది. నడక మంచిగుంటెనే అది ఆట."

ఆయన చేసిన ఒక ఆటను మాత్రం జనం చెత్తల్లోకెల్లా చెత్త అన్నారు. "హీరో ఏంది గిట్ల కుంటుతుండు?" అని తిట్టారు. ఎడమకాలు కొంచెం ఈడ్చే ఆ నడకను ఆయన మార్చలేదు.

సినిమావాళ్లతో ఒప్పందం ముగియగానే ఆటను స్టోర్ నుంచి తీసేశారు. ఫైళ్లన్నీ కాపీ కూడా ఉంచుకోకుండా వాళ్లకే అప్పగించాం. ఆ సాయంత్రం ఆయన తన పాత ఫోన్‌లో ఆట తెరిచి, హీరోను ఊరికే అటూ ఇటూ నడిపిస్తూ కూర్చున్నాడు.

"ఆడుతలేవేందన్నా?"

"ఇది మా బాపు నడక తమ్మీ. కంచన్‌బాగ్‌ల డ్యూటీ దిగి గిట్లనే ఇంటికొచ్చేటోడు. పోయినంక చూస్తే ఫొటోలన్నీ కూసున్నయే. నడుస్తుంటే ఎవ్వరం వీడియో తియ్యలే."

మొన్న మాదన్నపేట మార్కెట్‌లో కనిపించాడు. బ్యాటరీ ఉబ్బి ఆ ఫోన్ పాడైపోయిందట. ఆ నడకను మళ్లీ చేయమన్నాను. ఎన్నిసార్లు చేసినా అది రావడం లేదన్నాడు. చుట్టూ అంతమంది నడుస్తున్నా, ఎవరి కాళ్ల వైపూ చూడలేదు.

"గీసారి గూడ వీడియో తియ్యలే తమ్మీ," అన్నాడు.