ఏప్రిల్‌లో వేసిన నాలుగడుగులు

అమ్మమ్మ పోయిన తరువాత పదమూడు నెలలు జెరిలిన్ డోలు చప్పుడుకు కాలు కదపలేదని ఊరంతా అనుకుంటోంది. అమెరికా ఆదివాసులైన క్రో జాతిలో అయినవారిని పోగొట్టుకున్నవారు, తండ్రి వంశపు పెద్దలు చేయి పట్టి మళ్ళీ రంగంలోకి తెచ్చేదాకా, ఆడకూడదు. ఇరవై రెండేళ్ళ జెరిలిన్ ఆ పదమూడు నెలలూ పధ్నాలుగు మంది పిల్లలకు కుర్చీలోంచి లేవకుండానే నాట్యం నేర్పింది. బల్లమీద వేళ్ళతో తాళం వేసేది, అడుగును నోటితో చెప్పేది.

ఏప్రిల్ పదకొండున మాత్రం ఓ చిన్నపిల్లకు, మడమ నేలకు ఆనకముందే మోకాలు ఎలా సడలాలో ఎంత చెప్పినా అర్థం కాలేదు. జెరిలిన్ లేచి నాలుగడుగులు వేసి చూపింది. తల తిప్పేసరికి గుమ్మంలో వెర్డెల్ నిలబడి ఉన్నాడు.

వెర్డెల్‌ది బావామరదళ్ళలాంటి వేళాకోళపు వరస. అతని తండ్రీ ఆమె తండ్రీ ఒకే వంశంవారు. ఆ వరసవారికి ఎవరి తప్పునైనా పదిమందిలో చెప్పే హక్కుంది. విన్నవారు నవ్వుతారు, అనిపించుకున్నవారు కోపగించుకోరాదు. అతడు ఆ రోజు ఏమీ అనలేదు. నాలుగు నెలలుగా ఆమెను నిద్రపోనివ్వనిది ఆ మౌనమే. తప్పు బయటపడితే, ఆమెను రంగంలోకి తేవాల్సిన అత్త చేయి వదిలేస్తుంది. శోకాన్ని పాటించని మనిషి దగ్గరకు ఎవరూ తమ పిల్లలను పంపరు.

ఆగస్టు జాతర శనివారం, మధ్యాహ్నం రెండున్నర. జెరిలిన్‌ను మళ్ళీ రంగంలోకి తెచ్చే వేళ. పందిరి ముంగిట ఆమె పక్కన తండ్రి వంశపు ఒరీన్ అత్త. వెనుక అమ్మ, ఆట అయ్యాక ఆనవాయితీగా పంచబోయే దుప్పట్లతో. పిల్లలు లోపల వరుస కట్టారు. మైకు వెర్డెల్ చేతిలో ఉంది. ఎల్క్ అనే పెద్ద దుప్పి పళ్ళు కుట్టిన బరువైన గౌనులో జెరిలిన్ ఆ మైకునే చూస్తోంది.

"ఏమే, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి?" అంది ఒరీన్, ఆమె చేయి పట్టుకుని.

"అత్తా, ఏప్రిల్‌లో నేను ఆడాను. నాలుగడుగులు. పిల్లకు చూపించడానికి."

ఒరీన్ ఆమె చేయి వదిలేసింది.

"ఎవరు చూశారు?"

"వెర్డెల్ బావ."

"వాడు చెప్పేస్తాడని ఇప్పుడు చెబుతున్నావా?"

"అవునత్తా." అబద్ధం ఆడే ధైర్యం కూడా ఆమెకు మిగలలేదు.

"సరే. ఆ మాట నాకు కాదు, అందరికీ చెప్పు. ఆ తరువాత నేను చేయి పట్టుకుంటానో లేదో చూద్దాం."

జెరిలిన్ నడిచి వెళ్ళి మైకు అందుకుంది. నాలుగడుగుల మాట తేదీతో సహా చెప్పింది. పందిరి కింద ఒక్కరూ నవ్వలేదు. అది ఆమె ఊహించినదానికన్నా భయంకరంగా ఉంది.

వెర్డెల్ మైకు లాక్కున్నాడు.

"నాలుగడుగులంట! మూడే వేసింది మరదలు. నాలుగోది తూలిపడటం. నాలుగు నెలలు దాచుకున్న మాట, నా నోటి ముందునుంచి ఎత్తుకుపోయింది దొంగది!"

ఎవరో నవ్వారు. ఆపైన చాలామంది. ఆ నవ్వులో ఒరీన్ గొంతు ఉందో లేదో జెరిలిన్‌కు వినబడలేదు. వెనక్కి తిరిగి చూడలేక నేలనే చూస్తూ నిలబడింది.

కొంతసేపటికి మోచేతి మీద ఒక చేయి పడింది. పట్టు గట్టిగా, నొప్పిపుట్టేలా ఉంది.

"పద. పిల్లలు చూస్తున్నారు. ఈసారి తూలకు" అంది ఒరీన్ అత్త.

డోలు మొదటి దెబ్బ పడింది. మడమ నేలకు ఆనకముందే జెరిలిన్ మోకాలు సడలింది.