రాగి గుంటలో చిన్నాయన తాగిన నీళ్లు

ప్రొద్దుటూరులో మాది రాగి, ఇత్తడి సామాన్ల అంగడి. నాన్న పోయాక చిన్నాయనే చూసుకుంటున్నాడు, లెక్కల పని నాది. రాగి బిందె కొనడానికి ఎవరొచ్చినా చిన్నాయన ముందు ఉపన్యాసం మొదలుపెడతాడు. రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగితే ఏ జబ్బూ దగ్గరికి రాదని ఆయన నమ్మకం. అమ్మకం కోసం చెప్పే మాట కాదది, ఇంట్లో ఆయన తాగేదీ అవే నీళ్లు. ఒకరోజు కొనడానికొచ్చిన ఒక పంతులమ్మ, ఇంతకీ ఈ రాగి ఎక్కడ దొరుకుతుందని అడిగింది. చిన్నాయన బిందె తిరగేసి, అడుగున ఏమైనా రాసి ఉంటుందేమోనని చూశాడు. మన పక్క జిల్లాలోనే, ఉదయగిరి అవతల గరిమెనపెంట దగ్గర దొరల కాలం నాటి రాగి గుంతలు ఉన్నాయని ఫోనులో వెతికి చూపించాను. అక్కడి నుంచి కావలి సముద్రం కూడా దగ్గరేనన్నాను. ఆయన అంతవరకూ సముద్రం చూడనే లేదు. అంతే, ప్రయాణం ఖాయమైపోయింది.

కారు పులివెందుల ఓబులేసుది. కొంచెం చీనీ తోట, అదే బత్తాయి తోట ఉంది, పని లేని రోజుల్లో బాడుగకు తిప్పుతాడు. రెండు రోజులకు డీజిల్ కాక ఐదు వేలకు ఒప్పుకున్నాడు. వానలు తగ్గాక ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. నేను కొన్న నీళ్ల సీసాలను చిన్నాయన కారులోంచి దించేశాడు. ప్లాస్టిక్ నీళ్లు విషమట. అంగడి నుంచి తెచ్చిన ఒక రాగి సీసా, అదే ముగ్గురికీ. దారి మైదుకూరు, పోరుమామిళ్ల మీదుగా. పోరుమామిళ్లలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ముగ్గురికీ కలిపి రెండు వందల లోపే. మిరపకాయ బజ్జీ మంటకు రాగి సీసా అక్కడే ఖాళీ అయింది. మళ్లీ నింపుకుందామంటే చిన్నాయన హోటలు నీళ్లు వద్దన్నాడు. సీతారామపురం వైపు కొండ దారి పచ్చగా, మలుపులతో బాగుంటుంది, కానీ ఆ దారిలో మాకు ఒక్క అంగడి కూడా కనిపించలేదు.

ఉదయగిరి దాటి, ఊళ్లో వాళ్లను అడుగుతూ గుంతల దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. నాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. బోర్డు లేదు, కంచె లేదు. కంపచెట్లు తప్పుకుని నాలుగు అడుగులు వేస్తే కాళ్ల ముందే నేల తెరుచుకుని ఉంది. అడుగు కనిపించని గుంత. రాయి వేస్తే చప్పుడు వినపడటానికి కాసేపు పట్టింది. చుట్టూ రాగి కరిగించగా మిగిలిన నల్లటి చిట్టెం కుప్పలు, మధ్యమధ్య పచ్చటి మరకలున్న రాళ్లు. దగ్గరలో మేకలు మేపుతున్న ఒకామె అంచులు విరుగుతాయని హెచ్చరించింది. ఇన్నాళ్లూ మేం తళతళలాడించి అమ్మినది ఇలాంటి చీకట్లోకి మనుషులు దిగి తెచ్చిందా అనుకుంటూ అంచు నుంచి వెనక్కి జరిగాను.

నేను ఫొటోలు తీస్తూ ఉండగా చిన్నాయన కొంచెం కిందికి, తక్కువ లోతున్న ఒక గుంట దగ్గరికి వెళ్లాడు. తిరిగి చూసేసరికి వంగి దోసిలితో నీళ్లు తాగుతున్నాడు. పక్కన రాగి సీసా, అప్పటికే నింపేశాడు. నీళ్లు నీలంగా, అద్దంలా మెరుస్తున్నాయి.

"మన చెంబులో ఒక్క రాత్రి ఉంటేనే అంత మంచిది గదా అమ్మీ. ఇవి ఎన్నేండ్ల నుంచి రాగిలోనే నానుతాండాయో. కొంచెం వగరుగా ఉండాయిలే, తాగు," అని సీసా నా చేతికిచ్చాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అది సబబుగానే అనిపించింది. సీసా నోటి దాకా ఎత్తాను. ఓబులేసు పరుగున వచ్చి లాక్కున్నాడు. కొంచెం అరచేతిలో పోసి చూసి చిన్నాయన వైపు తిరిగాడు.

"చీనీ చెట్లకు పూసేదానికి మైలుతుత్తం నానబెడితే నీళ్లు అచ్చం ఇట్లే అయితాయి మామా. అదీ రాగి ఉప్పే, విషం. ఎన్ని తాగినావు?"

చిన్నాయన నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే పొట్ట పట్టుకుని రాయి మీద కూర్చుండిపోయాడు. తర్వాత వాంతులు. పరుగున వెళ్లి ఆయన భుజాలు పట్టుకున్నాను. ఆయనకు షుగర్ ఉంది, ఇంటి దగ్గర చిన్నమ్మ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మేకలామె వచ్చి చూసింది. "మా మేకలు కూడా ముట్టవమ్మా ఆ నీళ్లు. మీరు అడగలా, నేను చెప్పలా," అంది. ఆమె దగ్గరున్న మంచినీళ్లతోనే ఆయన నోరు కడిగాం.

దుత్తలూరు, వింజమూరు మీదుగా కావలి ఎలా చేరామో నాకు గుర్తులేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తాగారని అడిగింది. రాగి గని నీళ్లన్నాను. రాయడం ఆపి, ఎందుకని అడిగింది. మాకు రాగి సామాన్ల అంగడి ఉందండీ అన్నాను. ఆమెకు ఆ జవాబు అర్థం కాలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయో లేదో రేపటి పరీక్షలో తెలుస్తుందని సెలైన్ ఎక్కించారు. తనకు మందులే అక్కర్లేదని ఊరంతా చెప్పుకునే మా చిన్నాయన ఆ మంచం మీద ఎంత చిన్నగా కనిపించాడో! చిన్నమ్మకు ఫోన్ చేసి సముద్రం బాగుందని అబద్ధం చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం రిపోర్టులు మంచిగా వచ్చాయి. తిన్నగా ఇంటికి పోదామంటే చిన్నాయన ఒప్పుకోలేదు. కావలి నుంచి తుమ్మలపెంట బీచి అరగంట కూడా పట్టదు. సాయంత్రం జనం పలచగా ఉన్నారు, గాలి చల్లగా ఉంది. ఆయన మెల్లగా నీళ్లలోకి నడిచి, వంగి దోసిలి పట్టాడు. నేను ఒక చెయ్యి, ఓబులేసు ఒక చెయ్యి గబుక్కున పట్టేసుకున్నాం.

"నెత్తిన చల్లుకుంటాండా," అన్నాడు మెల్లగా. "తాగనులే అమ్మీ."

నాకు నిన్నటి నుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇప్పటికీ ఆయన పొద్దున్నే రాగి చెంబు నీళ్లే తాగుతాడు, కాకపోతే ముందు ఒకసారి లోపలికి తొంగి చూస్తాడు. అంగట్లో ఉపన్యాసం మాత్రం తగ్గింది. మంచిదనుకున్నది ఎంత ఎక్కువైతే అంత మంచిదని నమ్మడం ఆయన ఒక్కడి పొరపాటు కాదు, సీసా ఎత్తిన చెయ్యి నాది కూడా. ఆ రోజు ఓబులేసు నాలుగు అడుగులు వెనక ఉండి ఉంటే నేనూ తాగేసేదాన్ని.

ఆ రాగి గుంతలు చూడటానికి పోవాలనుకునేవాళ్లకు ఒకటే సలహా: మంచినీళ్లు అనుకున్నదానికి రెట్టింపు తీసుకుపోండి, ప్లాస్టిక్ సీసాలైనా సరే. ఈ చివరి మాట తప్పకుండా రాయమన్నది చిన్నాయనే.