మందు కలపకముందు తోడిన నీళ్ళు

ఈ ఉదయం కల్హేర్ సంతలో మా ఆరోగ్య శాఖ ఆటో మైకు గొంతు చించుకుంటోంది: రేపు బావుల్లో మందు కలుపుతాం, ప్రజలు సహకరించాలి. ఆ మాట ఎప్పుడు చెవిన పడ్డా నాకు మాణిక్‌రావు సార్ గుర్తొస్తాడు. నేను నర్సుగా చేరిన కొత్తలో ఆయన మా సూపర్‌వైజరు. నవ్వడం ఆయన డ్యూటీలో లేదని మేం చాటుగా అనుకునేవాళ్ళం.

ఆ వానాకాలం నాగల్‌గిద్ద వైపు ఒక ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. సార్ ముందురోజు చాటింపు వేయించి, తెల్లారి దగ్గరుండి తాగునీటి బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపించాడు. లెక్క ప్రకారం జబ్బు తగ్గాలి. తగ్గలేదు. పౌడర్ నాసిరకమేమో అని పైవాళ్ళు ఆరా తీశారు. సార్ నన్ను వెంటబెట్టుకుని ఇళ్ళల్లోకి నడిచాడు.

సాయమ్మ అనే ముసలమ్మ ఇంట్లో మనవరాలు కళ్ళు తేలేసి పడుకుని ఉంది. సార్ తాగడానికి నీళ్ళు అడిగాడు. ఆమె చెంబు తెచ్చిస్తే తాగకుండా వాసన చూశాడు. మందు వాసన లేదు.

"ఎప్పటియి గీ నీళ్ళు?"

"మీరు మందు కలపకముందే తోడిపెట్టిన సారూ. చాటింపు ఇని ఊరంత తోడుకున్నరు. మందు నీళ్ళు వాసనొస్తయి, నోట్ల పెట్టబుద్ధి గాదు. పిల్లకు గీ మంచియే తాపిస్తున్న."

మేమే చాటింపు వేసి మరీ ఊరంతటితో చెడ్డ నీళ్ళు దాచిపెట్టించాం. సార్ ఆమెకు సంగతి విడమరిచి చెప్పాడు. నేను బిందె ఎత్తబోతే ఆపాడు.

"నువ్ పారబోస్తె రేపు మల్ల నింపుతది. ఆమెనే పొయ్యనియ్యి, ఎస్తేరమ్మా."

సాయమ్మ బిందెలన్నీ వాకిట్లో వంచి, అక్కడే కూలబడింది. "నా చేతులతోనే తాపితినా సారూ?"

"మంచియనుకొనే తాపినవ్. బాయిల మందేసి మా పనైపోయిందనుకున్నం. నీ ఇంటి దాక రాలె. తప్పు మాది."

సర్కారు మనిషి నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పిల్లను మా జీపులో నారాయణఖేడ్ దవాఖానకు పంపించి, మిగతా ఇళ్ళన్నీ తిరిగాం. పిల్ల బతికింది. ఊళ్ళో జబ్బు ఆ తర్వాతే తగ్గింది. సార్ అంటే నాకు చివరిదాకా భయమే. గౌరవం మాత్రం ఆ వాకిట్లో పుట్టింది.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. నా కింద పనిచేసేవాళ్ళు ఫోన్ చేసి, "మందు కలిపినం మేడం, పనైపోయింది" అంటారు. నేను ఒకటే అడుగుతాను.

"ఎవరింట్ల నీళ్ళు తాగినవ్?"