ఎనిమిది గళ్ల పగ

గుండీల కర్మాగారంలో అందరూ ఆమెను టంకం అనే పిలిచేవారు. పదకొండేళ్లుగా యంత్రాల బోర్డులకు టంకం పెట్టిన చేయి ఆమెది. ఆ చేతిని అదే కర్మాగారంలో పనిచేసే బావ, అక్క మొగుడు, ఒక్క మాటతో నరికేశాడు.

సంచికి రెండు వందల నలభై గుండీలు పోసి ఆగే యంత్రం, లెక్క మూడు వందలకు పెంచిన రోజున ఆగడమే మరిచిపోయింది. సంచి పొర్లింది. నేలంతా రంగుల వడగళ్లు. ఆ యంత్రానికి ప్రోగ్రాం రాసింది బావే. తప్పెవరిదని యజమానురాలు అడిగితే, క్షణమైనా తడుముకోలేదు.

"మా మరదలు పెట్టిన అతుకు వదులైందండీ. పాపం, టంకం కరిగించడం తెలుసు గానీ లోపలేం నడుస్తుందో తనకేం తెలుసు!"

సాయంత్రానికల్లా ఆమె బల్ల ఇంకొకరిదైంది. ఆమెకు మిగిలింది చీపురు, రాలిన గుండీలను రంగుల వారీగా ఏరే పని.

లోపలేం నడుస్తుందో తెలుసుకుని, అతని నోటితోనే ఆ మాట వెనక్కి తీయించాలనుకుంది. చిప్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రామింగ్ కోర్సులో చేరింది. ఎవరి వేగం వారిది, గద్దించే మాస్టారు లేడు. పగకు ఓపికెక్కడిది? వీడియోలను రెట్టింపు వేగంతో తాగేసింది. వారంలో పన్నెండు పాఠాలు. తీరా ఖాళీ తెర ముందు కూర్చుంటే ఒక్క వరుస రాలేదు.

ఆ తెల్లటి తెరలో బావ నవ్వు కనిపించింది.

మళ్లీ మొదటి పాఠం. భోజనాల వేళ గోదాము కిటికీ పక్కన పాత లాప్‌టాప్, ఒక నోటు పుస్తకం. ఆ చిప్‌లో ఒక్కో లెక్కకు ఎనిమిదే గళ్లు, గడికి ఒకటో సున్నానో. మీట నొక్కే ముందే, ఏ గడిలో ఒకటి పడుతుందో ఏ గడిలో సున్నా పడుతుందో పెన్నుతో రాసేది. తప్పితే, ఎందుకు తప్పిందో రాసేదాకా జవాబు చూసేది కాదు. రోజుకు అర పేజీ. కోపం కూడా గడికో చుక్కగా దిగి గట్టిపడింది.

"ఆయనేదో నోరు జారారు, వదిలెయ్యవే," అంది అక్క.

"జారింది ఆయన నోరు, ఏరుతున్నవి నా వేళ్లు. ఎలా వదలమంటావ్ అక్కా?"

నాలుగో పాఠంలో మూడు వందల వరకు లెక్కించే అభ్యాసం వచ్చింది. నోటు పుస్తకంలో 300 అని రాసి మీట నొక్కింది. లెక్క ఆగలేదు. ఒక్కో అడుగూ గీసి చూసింది. రెండు వందల యాభై అయిదు దగ్గర ఎనిమిది గళ్లూ ఒకట్లతో నిండాయి. ఇంకొక్కటి కలిపితే అన్నీ సున్నాలు. మూడు వందలు ఎన్నటికీ రాదు, బావ యంత్రంలో లాగే.

పెన్ను ఆగింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

మర్నాడు అందరి ముందూ యజమానురాలిని అడిగింది. "అమ్మా, లెక్క రెండు వందల యాభై అయిదుకు పెట్టించండి." యంత్రం బుద్ధిగా ఆగింది. "ఇప్పుడు ఒకటి పెంచండి." గుండీలు వానలా కురిశాయి, విద్యుత్తు ఆపేదాకా.

"నా అతుకు వదులైతే, ఆ ఒక్క అంకె తేడా దానికెలా తెలిసింది బావగారూ?"

బావ ముఖం సుద్దలా అయింది. "అది... టంకం తప్పు కాదు," అని గొణిగాడు.

"వెనకవాళ్లకి వినబడలేదు."

రెండోసారి గట్టిగానే అన్నాడు. యజమానురాలు పాత బల్ల వైపు చూపించి తలూపింది. ఆమె అటు వెళ్లకుండా చీపురు అతని ముందు పెట్టింది. అతను వంగి గుండీలు ఏరుతుంటే, పక్కనే నిలబడి ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టించింది.

"... రెండు వందల యాభై అయిదు," అని ఆగాడతను.

"ఆగారేం బావగారూ? తర్వాత ఎంత?"